ఆయన చదివి చెప్పిన గోడ

మా వారు పొడుగ్గా మాట్లాడరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన చేసింది మాట్లాడే పనే అంటే ఎవరూ నమ్మరు. ఆయన రేడియాలజిస్టు. డెట్రాయిట్ దగ్గర ఒక ఆసుపత్రిలో, చీకటి గదిలో కూర్చుని ఎక్స్‌రేలూ స్కానులూ చూస్తూ, చూసినదంతా మైకులోకి చెప్పేవారు. దాన్ని ఎవరో టైపు చేసేవారు. మాటలన్నీ అక్కడే అయిపోయేవేమో, ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర ఊఁ, ఆఁ, కాఫీ అనే మూడు ముక్కలే మిగిలేవి.

ఆయన రిటైరయ్యాక, డెట్రాయిట్ శివారు నోవైలోని ఇంట్లో ఇద్దరమే మిగిలాం. సరిగ్గా అప్పుడే నా కళ్ళు మొండికేశాయి. కంటి లోపలి పొర నడిమధ్యన అరిగిపోయే జబ్బు. అలాగని పూర్తిగా చీకటి కాదు. దేన్ని చూడాలని అటు తిరుగుతానో అదే కనబడదు, దాని చుట్టూ ఉన్నవన్నీ కనబడతాయి. ఎదురుగా కూర్చున్న మనిషికి చెవులుంటాయి, మొహం ఉండదు. గుడ్డి కన్నా మెల్ల మేలు అంటారు. ఆ సామెత కట్టినవాడికి రెండు కళ్ళూ శుభ్రంగా ఉండి ఉంటాయని నా అనుమానం.

చలికాలం పొద్దున్నే ఆయన కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడేవారు. నేను వెనక నుంచి అడిగేదాన్ని.

"బయట ఏముందండీ?"

"మంచు."

అంతే. పెరట్లో పిట్టలకి గింజలు పోసే ఫీడర్ ఉంది. నేనే ముచ్చటపడి పెట్టించుకున్నాను. ఏ పిట్ట వచ్చిందో చెప్పొచ్చు, రాలేదని అయినా చెప్పొచ్చు. మంచు! కొన్నాళ్ళకి నేను అడగడమే మానేశాను.

ఆ చలికాలమే బ్యాంకాక్ వెళ్దామన్నాను. మా అమ్మాయి కాలేజీ అవగానే వీపుకి బ్యాగు తగిలించుకుని స్నేహితురాలితో అటువైపు దేశాలన్నీ తిరిగొచ్చింది. బ్యాంకాక్‌లో మరకత బుద్ధుడి గుడి చుట్టూ పొడుగాటి వసారా ఉందనీ, దాని గోడంతా రామాయణం బొమ్మలేననీ అప్పుడే చెప్పింది. "మొత్తం వాల్ అంతా మంకీసే అమ్మా, నువ్వు చూస్తే క్రేజీ అయిపోతావ్," అంది. ఇక్కడి పిల్లలకి ఏళ్ళ తరబడి ఆదివారం ఆదివారం రామాయణం చెప్పినదాన్ని నేను. ఎప్పటికైనా ఆ గోడ చూడాలనుకున్నాను. ఎప్పటికైనా అనుకున్నవి చూడడానికి ఇంక ఎక్కువ వ్యవధి లేదని కళ్ళ డాక్టరు చెప్పకనే చెప్పాడు.

కాబట్టి ఒక నిశ్చయానికి వచ్చాను. కళ్ళలో మిగిలిన ఆ కాస్త చూపూ ఆ గోడకి సమర్పించుకుని, ఆ తరవాత ఇంక ఇల్లు కదలకూడదు. చూడలేని మనిషిని ఊరూరా తిప్పడం ఎందుకు? ఆయనకీ విసుగు, నాకూ దిగులు. "ఇదే నా ఆఖరి ప్రయాణం అండీ," అని ఆయనకి చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు. ఆ ఊఁ వినగానే నాకు ఏడుపొచ్చింది. కాదనైనా అంటారనుకున్నాను మరి.

బేస్‌మెంట్‌లో పడి ఉన్న అమ్మాయి బ్యాగూ, దాని స్నేహితురాలు వదిలేసి పోయిన బ్యాగూ పైకి తెప్పించాను. ఫోన్‌లో అమ్మాయి గోల పెట్టింది. "అమ్మా, యూ గైస్ ఆర్ సీనియర్స్. మంచి టూర్ బుక్ చేస్తాను. బస్సులో కూర్చోండి చాలు." బస్సులో కూర్చోవడానికి బ్యాంకాక్ దాకా ఎందుకు? పైగా టూరులో గైడు ఎత్తి పట్టుకున్న జెండా నాకు కనిపించి చావదు. అసలు సంగతి వేరే ఉంది. చూపు తగ్గినవాళ్ళకి నడక నేర్పే అమ్మాయి ఒకతె నాకు నేర్పిందేమిటంటే, తోడున్న మనిషి మోచేయి పట్టుకుని, అరడుగు వెనకగా నడవాలి. చక్రాల పెట్టె లాగుతుంటే చెయ్యి ఖాళీ ఉండదు. బ్యాగు వీపున ఉంటే ఉంటుంది.

ఇక్కడొక చిక్కు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా వారు నాకంటే నాలుగడుగులు ముందు నడిచే మనిషి. తెనాలి బజారులోనైనా, ఇక్కడి మాల్‌లోనైనా అంతే. మా కాలపు మగవాళ్ళందరూ అంతే. నలుగురిలో పెళ్ళాం మోచేయి పట్టుకుంటే ఆయనకి చెమటలు పట్టాయి. చివరికి ఆయన బ్యాగు వెనక వేలాడే పట్టీ నా చేతికిచ్చారు. ఆవు వెనక దూడలా, కాదు, దూడ వెనక ఆవులా బయల్దేరాను.

బ్యాంకాక్ విమానాశ్రయం పేరు సువర్ణభూమి. మైకులో వాళ్ళు దాన్ని సువన్నపూమ్ అని పలుకుతుంటే, చిన్నప్పుడు ఊరు విడిచిపోయిన బంధువు పేరు పరాయి నోట విన్నట్టయింది. నోవైలో కారు చక్రాలు మంచులో కూరుకుపోయే రోజుల్లో బయల్దేరామేమో, తలుపు దాటగానే ఆ వేడి నన్ను గట్టిగా వాటేసుకుంది. తడి, మల్లెపూలు, వేగిన వెల్లుల్లి, పెట్రోలు, ఇంకా నేను పేరు చెప్పలేని ఏదో పచ్చి వాసన. చూడడానికి వచ్చిన ఊరు ముందు ముక్కుకి దర్శనమిచ్చింది.

మేం దిగింది నది దగ్గర సందులో ఒక చిన్న గెస్ట్‌హౌస్. అందులో ఉన్నవాళ్ళంతా మా మనవల వయసు తెల్లపిల్లలు. నూలు చీర కట్టుకుని, పైట మీదుగా బ్యాగు తగిలించుకుని, కాళ్ళకి నడక బూట్లతో మెట్లెక్కుతున్న నన్ను చూసి వాళ్ళు దారి వదిలారు. గెస్ట్‌హౌస్ నడిపే ఆవిడది నా ఈడే. ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు. రెండు చేతులూ జోడించి వంగింది. నేనూ జోడించాను. ఆ మాత్రానికి భాష అక్కర్లేదు కదా.

మొదటి రోజు పొద్దున్నే నది మీద పడవెక్కాం. మన సిటీ బస్సులాగే అది రేవు రేవుకీ ఆగుతుంది. వెనక నిలబడ్డ మనిషి ఈలలు వేస్తుంటే, ఆ ఈలల ప్రకారం ముందున్న మనిషి పడవని రేవుకి ఆనిస్తున్నాడు. చిన్న ఈల, పొడుగు ఈల, వణికే ఈల. నీళ్ళు ఎగిరి మొహాన పడ్డాయి. ఒళ్ళంతా సంబరంగా ఉంది. అవతలి ఒడ్డున ఆకాశం మీద ఏదో ఎత్తుగా, మసక మసకగా నా కంటి అంచుల్లో మెదిలింది.

"అదేమిటండీ?"

ఆయన చేతిలోని మ్యాపు చూశారు. "గుడి. అరుణ్ అని రాసి ఉంది."

అరుణుడి పేరు పెట్టిన గుడి! "ఎలా ఉంది?"

"ఎత్తుగా ఉంది. మిగతాదంతా అన్‌రిమార్కబుల్."

రేడియాలజీ వాళ్ళ భాషలో ఆ మాటకి జబ్బేమీ లేదని అర్థం. ఆయన రోజుకి వంద సార్లు అనే మాట. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. భూగోళం అవతలి వైపు నుంచి ఎగిరొస్తే, సూర్యుడి సారథి పేరు పెట్టిన గోపురంలో చెప్పుకోదగ్గదేమీ లేదట! నేను మొహం నీళ్ళవైపు తిప్పుకున్నాను. ఈలలు వింటూ కూర్చున్నాను. ఆఖరి ప్రయాణం ఇలాగే ఉంటుంది కాబోలని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

మధ్యాహ్నం గెస్ట్‌హౌస్ ముందు నీడలో కూర్చున్నప్పుడు, నా కుడి కంటి అంచున స్తంభం మీద చిన్న ఇల్లులాంటిది కనబడింది. అదేమిటని అడిగాను. ఆయన తలెత్తి చూసి క్షణంలో తేల్చేశారు.

"బర్డ్ ఫీడర్. చిన్న కప్పు, కింద అన్నం మెతుకులు. పక్కన సీసాలో ఎర్ర నీళ్ళు, హమ్మింగ్‌బర్డ్‌లకి అనుకుంటా."

మిషిగన్‌లో వేసవిలో ఆ బుల్లి పిట్టల కోసం అందరం ఎర్ర పంచదార నీళ్ళు వేలాడదీస్తాం. నా ప్రాణం లేచొచ్చింది. ఇంత దూరం వచ్చినా మన పెరడే! విమానంలో ఇచ్చిన వేరుశనగపప్పు బ్యాగులో ఉంది. లేచి తడుముకుంటూ వెళ్ళి, పొట్లం మొత్తం ఆ ఇంట్లో ఒంపేశాను. అంతటితో ఊరుకోక, నోవైలో పిలిచినట్టే నాలిక కొట్టుకుంటూ పిట్టల్ని పిలిచాను.

గెస్ట్‌హౌస్ ఆవిడ చెప్పులు టపటపలాడిస్తూ బయటికొచ్చింది. కోప్పడలేదు, నవ్వలేదు. నా కళ్ళ సంగతి అప్పటికే కనిపెట్టినట్టుంది, నా చెయ్యి పట్టుకుని ఆ చిన్న ఇంటి మీద పెట్టింది. వేళ్ళకి బుల్లి మెట్లు తగిలాయి. గుమ్మంలో వేలెడంత ముసలాయన, పక్కన ముసలావిడ. రెండు ఏనుగులు. తడిసిన మల్లెదండ. అగరొత్తుల బూడిద. సీసాలో ఉన్నది పిట్టల నీళ్ళు కాదు, ఎర్ర సోడా. అందులో స్ట్రా కూడా వేసి ఉంది. "స్పిరిట్ హౌస్," అంది ఆవిడ మెల్లగా. ఆ నేల తల్లికో, ఆ స్థలాన్ని కాచే దేవతకో కట్టిన ఇల్లు. నేను దేవుడి నెత్తిన పప్పులు కుమ్మరించి, చప్పరిస్తూ పిట్టల్ని పిలిచానన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం నా పప్పులన్నీ ఏరి, ఒక చిన్న సాసరులో పోసి, ఆ ముసలి జంట ముందే పెట్టి, ఒక అగరొత్తి వెలిగించి నా చేతికిచ్చింది. అపచారం నైవేద్యమైపోయింది.

అగరొత్తి గుచ్చి వెనక్కి తిరిగేసరికి ఎదురుగా మా వారున్నారు.

"మీ జబ్బేమిటో తెలుసా?" అన్నాను. "నలభై ఏళ్ళుగా మీ రిపోర్టుల గురించి వింటున్నాను. ముందు ఫైండింగ్స్, అంటే ఉన్నవి ఉన్నట్టు. ఆ తరవాత ఇంప్రెషన్, అంటే మీ అభిప్రాయం. ఆసుపత్రిలో ఊరివాళ్ళందరికీ అలా చెప్పారు. నా దగ్గరకొచ్చేసరికి ఫైండింగ్స్ ఎగ్గొట్టి ఇంప్రెషనే పారేస్తారు. మంచు. గుడి. ఫీడర్."

"నీకు అదంతా విసుగనుకున్నాను," అన్నారాయన.

"నాకు కళ్ళు పోతున్నాయండీ. విసుగుపడే స్తోమత ఎక్కడిది?"

ఆ సాయంత్రం సందు చివర బండి దగ్గర భోజనం చేశాం. పెనం మీంచి వచ్చిన ఘాటు ముక్కుకి తగలగానే నేను ఆగిపోయాను. తులసి! కోట కట్టి పొద్దున్నే ప్రదక్షిణం చేసే తులసిని, పచ్చిమిరపకాయలతో వేయించి అన్నంలో వేస్తున్నారు. గుడ్డుతో చేయించుకుని, లోపల్లోపల క్షమాపణ చెప్పుకుంటూ తిన్నాను. తీర్థంలో తప్ప నాలిక మీద ఎరగని ఆకు, ఒక మహా కూరాకు. దేవుణ్ణి వీళ్ళు ఎర్ర సోడా ఇచ్చేంత చనువుగా చూసుకుంటారు, తులసిని కడుపులోనే పెట్టుకుంటారు. ఏది పూజ, ఏది భోజనం అని నేను గీసుకున్న గీత ఈ ఊళ్ళో ఎవరికీ ఉన్నట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్ళాం. గుడి చుట్టూ కప్పు వేసిన వసారా, దాని వెంట అడ్డంగా కమ్మీ, అవతల గోడ. నేను ఎదురుగా నిలబడి చూశాను. ఎప్పటిలాగే మధ్యలో బూడిద రంగు మరక, చుట్టూ బంగారం తళుకులు. ఇంత దూరం వచ్చింది ఈ మరక చూడడానికా అనుకున్నాను.

"ఎక్కడ మొదలుపెట్టను?" అన్నారాయన. ఆయనంతట ఆయన అడగడం నాకు ఆశ్చర్యమే.

"ఎక్స్‌రే అయితే ఎక్కడ మొదలుపెడతారు?"

"మూలల నించి. కొత్తవాళ్ళు మధ్యలో గుండె కనబడగానే దాన్నే చూస్తారు. జబ్బు మూలల్లో దాక్కుంటుంది."

"నాకు మిగిలిందీ మూలలే. అక్కణ్ణుంచే చెప్పండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. మైకు ముందు కూర్చున్నప్పటి గొంతు అది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా వినలేదు.

"ఎడమ పక్క, కింది మూల. పొయ్యి మీద కుండ ఉంది. ఒకావిడ గొంతుక్కూర్చుని వీపు గోక్కుంటోంది. ఇద్దరు పిల్లలు, ఒకడికి పిలక. ఒక కుక్క, పడుకుని. కొంచెం పైకొస్తే చెట్లు. ఆకు ఆకూ విడివిడిగా వేశాడు. ఇంకా పైన కోట. గోపురాలన్నీ బంగారం. రంగు కాదు, బంగారమే. నేను కదిలితే వెలుగు మారుతోంది. కుడి పక్కకొస్తే పొలం. కిరీటం పెట్టుకున్నాయన నాగలి పట్టుకున్నాడు. మట్టిలోంచి ఒక అమ్మాయి బయటికొచ్చింది."

"సీతమ్మ," అన్నాను.

"మట్టిలోంచి వచ్చిందా సీత?"

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాణ్ణి నేనే కట్టుకున్నాను. కానీ ఆ క్షణాన నాకు నవ్వు రాలేదు. ఆయన మాటలు నా కంటి మధ్యనున్న మరక మీద ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటున్నాయి. పొయ్యి కనబడింది. పిలక కనబడింది. నాగలిచాలు కనబడింది.

అలా అడుగు అడుక్కీ ఆగుతూ నడిచాం. ఆయన చూసేవారు, నేను పేర్లు పెట్టేదాన్ని. "ఆకుపచ్చగా ఉన్నాయన చేతిలో విల్లుంది," అంటే, నీలమేఘశ్యాముడు ఇక్కడి వానలకి పచ్చబడ్డాడన్నమాట అనుకున్నాను. "ఇంకొకాయనా ఆకుపచ్చే, కోరలున్నాయి. తలలు వరసగా లేవు, ఒకదాని మీద ఒకటి, గోపురంలా పైకెళ్ళాయి," అన్నారు. రావణుడు పది తలలు పక్కపక్కన పెట్టుకుని ఎలా నిద్రపోతాడని ఆదివారం క్లాసులో పిల్లలు అడిగేవాళ్ళు. వీళ్ళెవరో ఆ సంగతి నిజంగానే ఆలోచించారు. "పెద్ద తెల్లకోతి నీళ్ళ మీద అడ్డంగా ఉంది. వారధి అదే. దాని మీంచి సైన్యం నడిచి పోతోంది. చివర్లో ఒకడు కిందకి చూసి భయపడుతున్నాడు." ఆ చివరివాణ్ణి గోడ వేసినాయన తరవాత పట్టించుకున్నది బహుశా మా వారేనేమో.

తరవాత ఆయన ఆగిపోయారు.

"ఇక్కడ నీళ్ళలో అదే తెల్లకోతి. హనుమంతుడన్నావే, ఆయన. ఒకావిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడకి నడుము దాకా మనిషి, కింద చేప."

"హనుమంతుడు ఆడవాళ్ళ చెయ్యి పట్టుకోవడమేమిటండీ? సరిగ్గా చూడండి."

"చూస్తూనే ఉన్నాను. నడుము పట్టుకున్నట్టుంది కూడా."

"ఆయన బ్రహ్మచారి. నోటికొచ్చినట్టు చెప్పకండి." నా గొంతు లేచింది. పక్కనున్నవాళ్ళు తిరిగి చూసినట్టున్నారు.

"నాకు మీ కథ తెలీదు," అన్నారాయన నెమ్మదిగా. "తెలీదు కనక కల్పించలేను. ఉన్నది చదువుతున్నాను. ఫైండింగ్స్."

నిజమే. కల్పించడం చేతకాని మనిషి ఆయన. దగ్గర్లో ఎవరో గైడు తన గుంపుకి ఇంగ్లీషులో అదే బొమ్మ గురించి చెబుతున్నాడు. రావణుడి కూతురట, మత్స్యకన్యట, వారధి రాళ్ళు దొంగిలించడానికి వచ్చిందట, పట్టుకోబోయిన హనుమంతుడు ప్రేమలో పడ్డాడట. నేను కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. మా నాన్న చెప్పిన మైరావణుడి కథలో, సముద్రం మీద ఎగురుతున్న హనుమంతుడి చెమటబొట్టు మింగి ఒక చేప కొడుకుని కంటుంది. ఒక్క చెమటబొట్టు, అంతే మా ఊరికి తెలిసింది. ఆ బొట్టు సముద్రం దాటి ఇక్కడికొచ్చేసరికి ఆ చేపకి మొహం వచ్చింది, కోపం వచ్చింది, చెయ్యి పట్టుకునే మనిషి వచ్చాడు. కంఠతా వచ్చుననుకున్న కథలో నేనెన్నడూ అడుగు పెట్టని గది ఒకటుంది. కళ్ళు బాగున్న రోజుల్లో వచ్చి ఉంటే, నాకు తెలిసిన బొమ్మలే వెతుక్కుని, దీన్ని దాటి వెళ్ళిపోయేదాన్నేమో.

"ఆవిడ మొహం ఎలా ఉంది?" అని అడిగాను.

ఆయన చాలాసేపు చూశారు. ఈ తరవాతి మాట రాయనని ఇప్పుడు మారాం చేస్తున్నారు. నేను చెబుతుంటే ఇదంతా కాగితం మీద పెడుతున్నది ఆయనే. జీవితమంతా తను చెబితే ఎవరో టైపు చేశారు కదా, ఇప్పుడు వంతు మారింది, రాయాల్సిందే.

"కోపంగా ఉంది," అన్నారు. "చెయ్యి విడిపించుకోవాలని చూస్తోంది. కానీ వెళ్ళిపోవాలని లేదు."

"అది ఫైండింగ్ కాదు."

"కాదు. అది ఇంప్రెషన్."

నేను బ్యాగు పట్టీ వదిలేసి ఆయన మోచేయి పట్టుకున్నాను. ఆయన చెయ్యి లాక్కోలేదు. వసారా చివరి దాకా అలాగే నడిచాం. అన్నీ అయ్యాక ఇంకోసారి మొదట్నుంచి చెప్పమన్నాను. చెప్పారు.

తిరుగు ప్రయాణంలో, విమానాశ్రయంలో గేటు వైపు నడుస్తుండగా ఆయన హఠాత్తుగా ఆగారు. నేను అడగకముందే మొదలుపెట్టారు. "చాలా పొడుగాటి విగ్రహం. ఒక చివర పాము పడగలు, పట్టుకుని లాగుతున్నవాళ్ళకి కోరలున్నాయి. రెండో చివర తోక, అటువైపు వాళ్ళు అందగాళ్ళు. మధ్యలో కొండ, కింద తాబేలు, పైన నాలుగు చేతులాయన." పాలసముద్రాన్ని చిలుకుతున్నారు! విమానాలెక్కే తొందరలో అందరూ మమ్మల్ని తప్పుకుంటూ పోతుంటే, దేవాసురుల నడుమ నిలబడి నేను కన్నీళ్ళు తుడుచుకున్నాను. ఇదే బొమ్మ కాంబోడియాలో ఒక గుడి గోడ పొడుగునా రాతిలో చెక్కి ఉందని అమ్మాయి ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. పైకి అనలేదు.

నోవై చేరిన మర్నాడు పొద్దున్న ఆయన కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడ్డారు. నేనేమీ అడగలేదు.

"ఎడమ పక్క నించి," అన్నారు. "కంచె మీద జానెడు మంచు, గాలికి ఒక పక్కకి ఒరిగింది. పక్కింటి కుక్క అడుగులు మన పెరట్లోకొచ్చి, మనసు మార్చుకుని వెనక్కి పోయాయి. ఫీడర్ కప్పు మీద మంచు టోపీలా నిలిచింది. కింద ఎర్రపిట్ట, మగది, తింటోంది. ఆడది చెట్టు మీదే ఉంది. ఇంకా దిగలేదు."

చెప్పడం అయ్యాక, తలుపు పక్కనున్న బ్యాగుల్ని కాలితో మెల్లగా కదిపిన చప్పుడైంది.

"ఇవి బేస్‌మెంట్‌లో పెట్టెయ్యనా? ఆఖరి ప్రయాణం అన్నావుగా."

"వద్దు," అన్నాను. "అక్కడే ఉండనివ్వండి."

"ఊఁ," అన్నారాయన. ఆ ఊఁలో ఏముందో నాకెవరూ చదివి చెప్పనక్కర్లేకపోయింది.